ఫోర్కులో నూనె, పక్కింటి గోడ

ఆ తెల్ల కారు వెనక సీటు మధ్యలో నేను ఏడు నెలలు కూర్చున్నాను. మధ్య సీటు అనేది నిజానికి సీటు కాదు, రెండు సీట్ల నడుమ మిగిలిన గట్టు. కాళ్ళు పెట్టుకోవడానికి కింద చోటుండదు. మోకాళ్ళు గడ్డాన్ని తాకుతుంటాయి. మలుపు వచ్చినప్పుడల్లా అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు పెద్దమనుషుల భుజాల మధ్య నలగాలి. మేముండే రెడ్‌హిల్ నుంచి మా నీటి సరఫరా ఆఫీసు దాకా కొందరం కలిసి ఒకే కారులో వెళ్ళేవాళ్ళం. దాన్ని అక్కడ లిఫ్ట్ క్లబ్ అంటారు. అందరికంటే చివర చేరాను కాబట్టి మధ్య సీటు నాదన్నారు. సరే అన్నాను. కొత్తగా వచ్చినవాడు మొదట్లో సర్దుకోవాలని నాకూ తెలుసు. కానీ ఏడు నెలల్లో ఒక్కరోజు కూడా, ఒక్కరంటే ఒక్కరు కూడా, ఇవాళ నువ్వు కిటికీ పక్కన కూర్చో అనలేదు. అది నేను మరిచిపోలేదు.

కారు మా పక్కింటివాడిది. నాకంటే రెండేళ్ళు చిన్నవాడు, మా ఆఫీసులోనే డ్రాయింగులు గీసేవాడు. వాళ్ళ ముత్తాత మన వైపు నుంచే చెరకు తోటల్లో పనికి ఓడలో వచ్చాడు. నేను ఆ దేశంలో తెల్లవాళ్ళ ప్రభుత్వం పోయిన మరుసటి ఏడాది గుంటూరు నుంచి విమానంలో వచ్చాను, ఇంజినీరుగా, మూడేళ్ళ ఒప్పందం మీద. అతని దృష్టిలో నేను చేసిన నేరం అదే.

ఒకరోజు పొద్దున్న నార్త్ కోస్ట్ రోడ్డు మీద రోబో దగ్గర కారు ఆగింది. అక్కడివాళ్ళు ట్రాఫిక్ లైటును రోబో అంటారు. అతను పక్క సీట్లో ఉన్నాయనతో, నేను వెనక లేనట్టే, ఇంగ్లీషులో అన్నాడు: "మా బావమరిది డిప్లొమా చేతిలో పట్టుకుని ఇంట్లో కూచున్నాడు. కొత్త గవర్నమెంటు వస్తే మనకేదో వస్తుందనుకున్నాం. వచ్చింది కదా. అదిగో, వెనక మధ్య సీట్లో కూచుంది."

అందరూ నవ్వారు. నా ఎడమపక్క కూర్చున్నాయన కడుపు కదిలేలా నవ్వాడు. ఆ కదలిక నా పక్కటెముకలకు తెలిసింది. ఆయన్ని కాస్త దిగమని, నేనూ దిగి, తలుపు మెల్లగా వేసి, ఆఫీసు దాకా నడిచాను. ఆ సాయంత్రం నా భార్యతో చెప్పాను: చచ్చినా మళ్ళీ ఆ సీట్లో కూర్చోను. ఆమె ఎలా వెళతారండీ అని మాత్రం అడిగింది. అది సమంజసమైన ప్రశ్నే. బస్సు మా వైపు రాదు. మినీబస్ టాక్సీలున్నాయి గానీ, ఆ రోజుల్లో టాక్సీలవాళ్ళ తగాదాల్లో ఏ స్టాండులో ఎప్పుడు తుపాకులు పేలతాయో తెలియదు. వాటిలో నేను ఎక్కితే ఆమెకు సాయంత్రం దాకా అన్నం సహించేది కాదు.

అందుకని మోటార్‌సైకిల్ కొన్నాను. మా ఆఫీసులో ఒక తెల్ల ఇంజినీరు, దేశం ఇక ఉండదగ్గది కాదని తీర్మానించుకుని, పెర్త్‌కు కుటుంబంతో సహా వెళ్ళిపోతూ అమ్మేసిన బండి అది. జపాన్‌లో తయారై పదిహేనేళ్ళయిన దూరప్రయాణాల బండి. ముందు గాలి తగలకుండా పెద్ద అద్దం, రెండు పక్కలా పెట్టెలు, పడుకున్న గేదె అంత బరువు. ముందు ఫోర్కులు సరిగ్గా ఉన్నాయా అని అడిగితే భలేగా ఉన్నాయన్నాడు. ఆ మాట అన్న మనిషి ఇప్పుడు ఏ సముద్రపు ఒడ్డున ఉన్నాడో గానీ, అది అబద్ధమని అతనికి తెలుసు.

బండి నా పేరు మీదికి మారాలంటే రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని టెస్టింగ్ స్టేషన్ పత్రం ఇవ్వాలి. అక్కడి ఇన్‌స్పెక్టరు ఖాకీ నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు వేసుకున్న మనిషి. ముందు బ్రేకు పట్టి హ్యాండిల్ మీద బరువు వేసి వదిలాడు. బండి ముందుకు కుంగి, పైకి లేచి, మళ్ళీ కుంగి, మళ్ళీ లేచి, చాలాసేపు తల ఊపుతూ ఉండిపోయింది. ఫోర్కుల్లో నూనె చచ్చిపోయింది, ఇది మీ దేశంలో నడుస్తుందేమో గానీ ఇక్కడ నడవదు అన్నాడు. బండి తిరిగిందీ ఆ దేశంలోనే, నడిపినవాడూ ఆ దేశపువాడే. ఆ మాట నోటిదాకా వచ్చింది, పత్రం అతని చేతిలో ఉంది కాబట్టి మింగాను. రెండు వారాల్లో బాగు చేసి తీసుకురమ్మన్నాడు. అప్పటికీ ఇలాగే ఉంటే బండి షెడ్డులో, నేను వెనక సీటు మధ్యలో.

పక్కింట్లో ఆ డ్రాయింగులవాడితో పాటు వాళ్ళ నాన్న ఉండేవాడు. ఆయన భార్య పోయింది. మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చక్కెర మిల్లులో ముప్పై ఏళ్ళకు పైగా ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరయినా మిల్లువాళ్ళిచ్చిన నీలం ఓవరాలే తొడుక్కుని, నడుం ఎత్తు గోడకు అవతల రోజంతా ఏదో ఒకటి విప్పుతూ ఉండేవాడు. ఆయన మీదా నాకు ఒక లెక్క ఉంది. మేము ఆ ఇంట్లో దిగిన వారానికి మా ఆవిడ పులిహోర చేసి గిన్నె నిండా పంపింది. మాది బాప్టిస్టు మిషన్, ప్రసాదం తినము అని ఆయన గిన్నె వెనక్కి పంపాడు. అది ప్రసాదం కాదు, మేము తినే అన్నమే, దేవుడి దగ్గర పెట్టలేదు అని నేనే గోడ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మూత పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చిన ఆ గిన్నెను మా ఆవిడ రెండు రోజులు అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఆ ఇంట్లో మాటలన్నీ ఇంగ్లీషే. తెలుగులో మిగిలినవి తిట్టూ, ప్రార్థనా, బంధువుల వరసలూ. ఆదివారం పాడే కీర్తనలు కూడా పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకున్నవే. నాతో మాత్రం ఆయన వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు ముక్కలు పోగేసి మాట్లాడేవాడు. పెద్దాయన కాబట్టి అక్కడి ఆచారం ప్రకారం అంకుల్ అనేవాడిని. పులిహోర తర్వాత అదీ మానేశాను.

శనివారం పొద్దున్నే బండిని పెరట్లో నిలబెట్టి పని మొదలుపెట్టాను. చేతిపుస్తకం ముందు పెట్టుకున్నాను. ఫోర్కు అంటే ముందు చక్రానికి రెండు పక్కలా ఉండే గొట్టాలు. లోపల పొడుగాటి స్ప్రింగు, దాని చుట్టూ నూనె. స్ప్రింగు గతుకును మింగుతుంది, నూనె ఆ స్ప్రింగును ఊగకుండా పట్టుకుంటుంది. ఈ రకం బండిలో స్ప్రింగుకు తోడు కాస్త గాలి కూడా నింపుతారు. పై మూత మీద సైకిల్ ట్యూబుకు ఉన్నట్టే చిన్న వాల్వు ఉంటుంది. ముందు ఆ గాలి వదలాలి. పుస్తకంలో మొదటి వాక్యం అదే. నేను రెండో వాక్యం దగ్గర మొదలుపెట్టాను. మూత చివరి మర దగ్గరికి రాగానే ఎగిరి నా గడ్డానికి తగిలింది.

గోడ అవతలి నుంచి గొంతు వినిపించింది. "అబ్బీ, గాలి తీసినావా?"

నెలల తరబడి ఆయనతో నాకు మాటల్లేవు. మాట్లాడక మాట్లాడక నా గడ్డం మీద రక్తం కారుతున్నప్పుడు అడిగిన ప్రశ్న అది. నేను చొక్కా చేత్తో తుడుచుకుని గోడకు వీపు పెట్టాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, గడ్డం గీసుకునేటప్పుడు రోజూ కనిపిస్తుంది.

కింద చిన్న మర తీస్తే పాత నూనె కారింది. గిన్నెలు కడిగిన నీళ్ళ రంగు, ఎండిన చేపల వాసన. హ్యాండిల్ పట్టుకుని పైకీ కిందికీ ఆడించి వచ్చినంతా రాబట్టాను. మా ఆవిడ పిండి కొలుచుకునే జగ్గులో పట్టి కొలిచాను. ఆ జగ్గును ఆమె మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు, అది వేరే సంగతి. పుస్తకంలో రెండు అంకెలున్నాయి. ఊరికే నూనె మార్చేవాళ్ళకు చిన్న అంకె. ఫోర్కు మొత్తం విప్పి, తుడిచి, ఆరబెట్టి మళ్ళీ కూర్చేవాళ్ళకు పెద్ద అంకె. నాకు జగ్గులో వచ్చింది చిన్న అంకె కంటే కూడా తక్కువ. ఇన్నేళ్ళలో నూనె కారిపోయి తగ్గి ఉంటుంది, గొట్టం ఇప్పుడు పూర్తిగా ఖాళీ అయింది, కాబట్టి పెద్ద అంకె పోయాలి అని తేల్చుకున్నాను. ఊళ్ళకు నీళ్ళు లెక్కగట్టే ఇంజినీరును. ఒక గ్లాసుడు నూనె లెక్క నాకు తెలియదా.

"ఎంత పోస్తావు?" అన్నాడు గోడ మీద మోచేతులు ఆనించి.

అంకె చెప్పాను. అదైనా ఎందుకు చెప్పానంటే, నాకు లెక్క తెలుసని తెలియాలని.

"ఎక్కువ. కారింది కారింది, కారంది లోన ఉంది. పోసింది కాదు కొలిసేది, లోన ఉండేది కొలు. తీగ పెట్టి కొలు."

ఆ మాట ఎవరు చెప్పినా మళ్ళీ ఒకసారి ఆలోచించేవాడిని. ఆయన చెప్పాడు కాబట్టి ఆలోచించలేదు. పెద్ద అంకె చుక్క తగ్గకుండా రెండు గొట్టాల్లోనూ పోసి, మూతలు బిగించి, గాలి కొట్టి, చేతులు కడుక్కున్నాను. హ్యాండిల్ మీద బరువు వేస్తే బండి కుంగనే లేదు. ఎంత గట్టిగా ఉందో చూశావా అని మా ఆవిడతో అన్నాను.

సోమవారం ఆఫీసుకు దాని మీదే బయలుదేరాను. మా వీధి చివర వేగం తగ్గించడానికి రోడ్డుకు అడ్డంగా పోసిన దిబ్బ ఉంది. దాని మీదికి ఎక్కగానే ముందు చక్రం ఇనుప కడ్డీలా బిగుసుకుని, దెబ్బంతా నా మణికట్లలోకి వచ్చింది. రెండో దిబ్బ దగ్గర ఏదో వదులైనట్టు మెత్తగా ఒక చప్పుడు. కిందికి చూస్తే కుడి ఫోర్కు మీద నుంచి కొత్త నూనె జారుతోంది, కింద బ్రేకు చక్రం మీదికి. అప్పుడే వెనక నుంచి తెల్ల కారు వచ్చి, వేగం తగ్గించి, రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళింది. ఆగలేదు. ఆగినా ఎక్కేవాడిని కాదు, అది వేరు. కానీ ఆగలేదు.

బండిని తోసుకుంటూ ఇంటికి వచ్చాను. గేటు పక్కన ఆ పెద్దాయన నిలబడి ఉన్నాడు. నేను చెప్పలేదా అంటాడని చూశాను. అనలేదు. అని ఉంటే బాగుండేది. అలా నోరెత్తకుండా నూనె మరక వైపు చూసి లోపలికి వెళ్ళిపోవడం నన్ను ఇంకా మండించింది. గడువుకు మిగిలింది మూడు రోజులు. గొట్టంలో నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు చుట్టు, సీలు అంటారు, కొత్తది తెప్పించాలంటే జొహానెస్‌బర్గ్ నుంచి వారం పైన పడుతుందని చెప్పి విడిభాగాల షాపువాడు, నా మాట సగంలో ఉండగానే, ఫోన్ పెట్టేశాడు.

అర్ధరోజు సెలవు పెట్టి మళ్ళీ విప్పడానికి కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూర్చున్నాను అనడం నిజం. అప్పుడు ఆయన మా గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. నేను పిలవలేదు. ఒక చేతిలో వంచిన ఇనప తీగ, ఓవరాల్ జేబులో ఒక కవరు. పాలడబ్బాలు వచ్చే ప్లాస్టిక్ పెట్టె ఒకటి బోర్లించుకుని కూర్చున్నాడు.

పోనీ వచ్చాడు కదా అని పానా ఆయన చేతికి ఇవ్వబోయాను. చేతులు వెనక్కి లాక్కున్నాడు, పులిహోర గిన్నె వెనక్కి పంపినట్టే. "నేను ముట్టను. ఇప్పినోడే బిగించాల. మా మిల్లులో అదే రూలు."

నా ఇనుము కూడా ఆయనకు మైలేనా అనుకున్నాను. ఆ తర్వాత మూడు గంటలు ఆయన ఆ పెట్టె మీద నుంచి లేవకుండా నన్ను కొత్తగా పనిలో చేరిన అప్రెంటిసులా తిట్టాడు. ఎదవ పని అన్నాడు. ఆ సేతికి అన్నం ఎట్టినారా గడ్డెట్టినారా అని అడిగాడు. పాసోప్, పాసోప్ అనేవాడు. జాగ్రత్త అని అర్థం, మిల్లులో జులూ కూలీలతో మాట్లాడే కలగలుపు భాష అది. నా డిగ్రీలు, నా వయసు, నా ఉద్యోగం ఏవీ ఆయనకు పట్టలేదు. ఒకసారి నేను పానా విసిరేసి లేచాను. ఆయన నన్ను పట్టించుకోకుండా అది పడ్డ చోటు వైపు చూస్తూ ఉండిపోయాడు, నేను వెళ్ళి తీసుకొచ్చే దాకా.

తిట్ల మధ్యలో చెప్పిందంతా కలిపితే ఇది. సీలు చిరగలేదు. లోపల గాలికి చోటు లేకపోవడంతో ఒత్తిడికి నూనె సీలు పెదవి దాటి బయటికి వచ్చింది, దానితో పాటు ఎప్పటిదో మురికి వచ్చి అక్కడ ఇరుక్కుంది. ఆ మురికి తీస్తే పెదవి మళ్ళీ మూసుకుంటుంది. దాని మధ్య దూర్చడానికి పలచగా, గట్టిగా, గీత పడనిది కావాలి. జేబులోంచి కవరు తీశాడు. అందులో ఫోటోల నెగటివ్ ఫిల్ము ముక్కలు.

నేను ఒకటి ఎత్తి ఆకాశం వైపు పట్టుకుని చూశాను. పొడుగాటి వరస. స్కూలు కాంపౌండు గోడ వెంట, వీధి చివర దాకా మనుషులు. అందరితో కలిసి మొదటిసారి ఓటు వేసిన రోజు అన్నాడు. వరసలో గొడుగు వేసుకుని కూర్చున్నది ఆయన భార్య, అప్పటికే జబ్బు మనిషి. ఇవి ఎందుకు పాడు చేసుకోవడం అన్నాను. కాగితం ఫోటోలు గోడ మీద ఉన్నాయి, ఇవి దేనికి అన్నాడు. అయినా ఆమె ఉన్న ముక్కను మాత్రం వేళ్ళతో ఏరి కవరులో పెట్టేసుకున్నాడు.

మిగిలినవాటిలో ఒక దాంట్లో ఆయన కొడుకు ఉన్నాడు. ఫిల్ములో తెల్ల జుట్టు, నల్ల పళ్ళు, చెయ్యెత్తి నవ్వుతున్నాడు. ఆ ముక్కను నేనే ఎంచుకున్నాను. కత్తిరించి, ఫోర్కు గొట్టానికీ సీలుకూ మధ్య దూర్చి చుట్టూ తిప్పాను. ఆ నల్ల పళ్ళు లోపలికి వెళ్ళి మురికి పట్టుకుని బయటికి వస్తుంటే ఆ వారంలో మొదటిసారి నాకు కాస్త హాయిగా అనిపించింది. ఇది దాచుకోవలసిన సంగతి అనుకోను.

తర్వాత నాతోనే మూతలు తీయించి, స్ప్రింగులు బయటికి లాగించి, చక్రం కింద పలకలు పెట్టించి ఫోర్కును పూర్తిగా పైకి నొక్కించాడు. తీగను ఒక కొలతకు వంచి ఇచ్చాడు. గొట్టం అంచు మీద ఆ వంపు ఆనితే, కింద కొస నూనెకు తాకాలి, అంతే. నేను తీగ దింపితే కొస తాకడం కాదు, బెత్తెడు మునిగింది. బెత్తెడు. నేను సిరంజితో నూనె లాగి, తీగ దింపి, తుడిచి, మళ్ళీ లాగి, తీగ కొసన ఒక్క చుక్క మాత్రం అంటుకునే దాకా చేశాను. ఏటా చెరకు క్రషింగ్ అయిపోయాక మిల్లు మొత్తం విప్పినప్పుడు గేర్‌బాక్సులన్నీ ఇలాగే తీగ పెట్టి చూసేవారట. ఎంత పోశావని అక్కడ ఎవరూ అడగరట. రెండు మూతలూ నేనే బిగించాను. బ్రేకు చక్రం స్పిరిట్‌తో తుడిచాను. మా ఆవిడ టీ తెచ్చి, ఇచ్చేదా వద్దా అన్నట్టు ఆగింది. ఆయన అందుకుని తాగాడు. పాలు ఎక్కువయ్యాయి అన్నాడు.

గడువు చివరి రోజున ఆ మేజోళ్ళ ఇన్‌స్పెక్టరు బ్రేకు పట్టి, బరువంతా వేసి వదిలాడు. బండి కుంగింది, ఒక్కసారి లేచింది, నిలబడింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. సంతకం పెట్టాడు గానీ బాగుందని అనలేదు.

తిరిగి వస్తుంటే అదే రోబో దగ్గర తెల్ల కారు నా పక్కన ఆగింది. వెనక మధ్య సీట్లో నాకు తెలియని కొత్త మనిషి మోకాళ్ళు ముడుచుకుని ఉన్నాడు. పక్కింటివాడు అద్దం దించి, నా బండి వైపు చూసి, "డాడీ నీ ఫోర్కులు బాగు చేసి పెట్టాడట కదా, ఇండియా" అన్నాడు. నాకు అతను పెట్టిన పేరు అది. లైటు మారింది, వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి హెల్మెట్ కూడా తీయకుండా గోడ దగ్గరికి వెళ్ళాను. నా గడ్డం పగిలింది, నా వేళ్ళు తెగాయి, మూడు గంటలు తిట్లు తిన్నది నేను. ఆ పని ఎవరు చేశారో మీ అబ్బాయికి మీరే చెప్పాలి అన్నాను. ఆయన చేతిలో పని ఆపలేదు. కారు వచ్చి ఆగేదాకా నేనూ కదల్లేదు. కొడుకు దిగాడు. ఆయన తల ఎత్తకుండానే ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులోకి జారాడు.

"నేను స్పానర్ ముట్టలే. ఇప్పిందీ ఈయనే, బిగించిందీ ఈయనే. నేను ముట్టి ఉంటే అది ఈయన పని కాకపోను, నాదైపోను. అందుకే ముట్టలే."

సారీ అనే మాట కొడుకు నోట రాలేదు, ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. భుజాలెగరేసి లోపలికి వెళ్ళాడు. ఆయన మళ్ళీ తన పనిలో పడ్డాడు. పానా దగ్గర చేతులు ఎందుకు వెనక్కి లాక్కున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. పులిహోర సంగతి మాత్రం అర్థం కాలేదు. దాని మీద నా లెక్క అలాగే ఉంది.

ఒప్పందం అయ్యేదాకా ఆ బండి మీదే తిరిగాను. తీగ ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు. ఆ వేసవిలో ఒక సాయంత్రం ఆఫీసు వదిలే వేళకు కుండపోత. వీధులన్నీ కాలువలయ్యాయి. ఆఫీసు గేటు బయట, బండి మీద ఉన్న నా పక్కన తెల్ల కారు ఆగింది. ఆ రోజు ఎవరో రాలేదేమో, ముందు సీటు ఖాళీ. అతను వంగి లోపలి నుంచి ఆ తలుపు తెరిచాడు. రమ్మని అనలేదు, తలుపు మాత్రం పట్టుకున్నాడు. సీటు మీద వాన పడుతోంది.

నేను హెల్మెట్ అద్దం దించుకుని బండి ముందుకు పోనిచ్చాను. వీధి మలుపులో నీళ్ళ కింద కనిపించని గుంత ఒకటి ఉంది. దాంట్లో ముందు చక్రం దిగింది, ఒక్కసారి లేచింది, నిలబడింది. ఇంటికి వచ్చేసరికి లోపలి బనీను దాకా తడిశాను. మా ఆవిడ తువ్వాలు ఇస్తూ, కారు ఆగలేదా అని అడిగింది.

ఆగింది అన్నాను.